రికార్డింగ్ కోసం సైలెంట్ మినీ పీసీ: ఫ్యాన్ తిరిగినా పర్లేదు, స్పీడ్ మారకూడదు

అందరికీ నమస్తే. ఇవాళ టేబుల్ మీదున్నది ఇదిగో, ఈ చిన్న డబ్బా. పేరు, మోడల్ నంబరు స్క్రీన్ మీద పడుతున్నాయి. కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు, తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, పోర్టులెన్ని అన్నది మీరు ఈపాటికే ఎక్కడో చూసేసి ఉంటారు, అవి మళ్లీ చదవను. ఇంట్లో మైక్ పెట్టుకుని పాడేవాళ్లకి, ఆడియోబుక్ చదివేవాళ్లకి ఇది పనికొస్తుందా లేదా, అదొక్కటే చూద్దాం.

బాక్స్ మీద "అల్ట్రా సైలెంట్" అని పెద్దక్షరాల్లో ఉంది. దాన్ని పక్కన పెట్టేయండి. డెసిబెల్స్ అంకె వేసినా సరే, ఎంత దూరం నుంచి కొలిచారో, ఎంత లోడ్ మీద కొలిచారో చెప్పకపోతే ఆ అంకె మనకి అక్కరకి రాదు. రికార్డింగ్ చేసేవాళ్లు అడగాల్సింది వేరే ఉంది: ఈ ఫ్యాన్‌ని నాకు కావలసిన స్పీడ్ దగ్గర కట్టేయగలనా?

దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఒకే స్పీడ్‌లో తిరిగే ఫ్యాన్ హోరుని చెవి కాసేపటికి పట్టించుకోదు. సాఫ్ట్‌వేర్‌కి కూడా అది తేలిక. మాట మొదలుపెట్టే ముందు రెండు మూడు సెకన్లు ఊరికే వదిలి, ఆ ముక్కని నాయిస్ శాంపిల్‌గా ఇస్తే, టేక్ మొత్తంలోంచి ఆ హోరుని చాలావరకు లాగేస్తుంది. అదే ఫ్యాన్ మధ్యలో లేచిందనుకోండి, మనం ఇచ్చిన శాంపిల్ ఒకటి, అక్కడున్న చప్పుడు ఇంకొకటి. బలవంతంగా తీయిస్తే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు అయిపోతుంది. రెండు టేకులు అతికించినప్పుడు ఇంకా ఘోరం: అతుకు దగ్గర వెనకాల హోరు ఠక్కున మారుతుంది, హెడ్‌ఫోన్స్‌లో వినేవాడికి అతుకు ఎక్కడుందో దొరికిపోతుంది.

మరి ఫ్యాన్ ఎందుకు లేస్తుంది? స్క్రీన్ మీద టెంపరేచర్ గీత చూడండి. గొంతుకి ప్రతిధ్వని కలిపే రివర్బ్ ప్లగిన్ ఒక్కటి తెరుస్తున్నాను. 45 డిగ్రీల దగ్గరున్నది గీత నిలువునా 70 దాకా వెళ్లింది, మళ్లీ వెంటనే దిగిపోయింది. ప్రాసెసర్ చిప్ చాలా చిన్న ముక్క, కాబట్టి క్షణంలో వేడెక్కి క్షణంలో చల్లారుతుంది. దాని మీదున్న హీట్‌సింక్‌కి, అంటే వేడిని లాక్కునే లోహపు దిమ్మకి, ఈ సంగతే తెలీదు, అది ఇంకా చల్లగానే ఉంది. చల్లటి హీట్‌సింక్ మీద ఫ్యాన్ ఎంత గట్టిగా గాలి కొట్టినా ఒరిగేదేం లేదు. కానీ ఫ్యాక్టరీ సెట్టింగ్ ఆ గీత వెంటే పరిగెడుతుంది. అందుకే ఊరికే బ్రౌజర్ తెరిచినా "ఝుమ్" అని లేచి, మళ్లీ పడుకుంటుంది.

ఇక్కడే ఈ డబ్బా నన్ను గెలిచేసింది. ఆన్ చేసేటప్పుడు డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల్లోకి, వెళ్లండి. హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో ఫ్యాన్ కంట్రోల్ ఉంది. చాలా మినీ పీసీల్లో ఇక్కడ సైలెంట్, నార్మల్, ఫుల్ అని మూడు ముక్కలుంటాయి, అంతే. ఇందులో ఏ వేడికి ఎంత స్పీడో మనమే పెట్టుకునేలా పూర్తి మాన్యువల్ కంట్రోల్ ఇచ్చారు. 75 డిగ్రీల దాకా 30 శాతం దగ్గర ఫ్యాన్ స్పీడ్ గీతని చదునుగా పెట్టండి. అక్కడి నుంచి 90 వచ్చేసరికి 100 శాతానికి ఎక్కేలా పెట్టండి, ఈ పై భాగం భద్రత కోసం, దాన్ని తీసేయకండి. తర్వాత స్టెప్ అప్ టైమ్ అని ఉంటుంది, అంటే వేడి పెరిగాక ఫ్యాన్ ఎంతసేపు ఆగి స్పందించాలి అని. దాన్ని ఎంత ఎక్కువ ఇస్తే అంత ఎక్కువకి పెట్టండి. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లన్నీ అందులో కలిసిపోతాయి.

ఒక జాగ్రత్త. వేడి తక్కువున్నప్పుడు ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే సెట్టింగ్ కూడా ఉంది, చూడగానే మనసు లాగుతుంది. రికార్డింగ్‌కి అది వద్దు. మెల్లగా తిరిగే ఫ్యాన్ కంటే, ఆగి ఆగి మళ్లీ మొదలయ్యే ఫ్యాన్ ఎక్కువ వినిపిస్తుంది. ఇంకోటి, స్పీడ్ సగానికి తగ్గితే హోరు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అంచేత 30 శాతం, 40 శాతం మధ్య తేడా అంకెల్లో చిన్నదే అయినా మైక్‌కి చిన్నది కాదు.

మీ కంప్యూటర్ బయోస్‌లో ఈ పేజీ లేకపోతే? విండోస్‌లో ఒక దారుంది. పవర్ ప్లాన్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, అందులో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్. 100 ఉన్నదాన్ని 99 చేయండి. చాలా మెషీన్లలో టర్బో, అంటే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ పెంచుకోవడం, ఆగిపోతుంది, ఆ నిలువు గీతలు మాయమవుతాయి. ఒక గొంతు, నాలుగైదు ట్రాకులకి ఆ పవర్ ఏం లోటు రాదు. మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు మళ్లీ 100 చేసుకోండి.

ఇక నాకు చిరాకు తెప్పించినది. ఫ్యాన్‌ని అణిచాక అసలు చప్పుడు బయటపడింది: కాయిల్ వైన్. చెవి ఇక్కడ, వెనక వైపు పవర్ పిన్ దగ్గరికి తెచ్చి, మౌస్‌తో పొడుగాటి పేజీని కిందకి జరపండి. సన్నగా "కీ..." అంటుంది, జరపడం ఆపగానే ఆగుతుంది. కరెంటు లాగుడు మారినప్పుడల్లా బోర్డు మీది కాయిల్స్ అదురుతాయి, ఆ అదురే ఇది. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత చప్పుడుందో చూపే బొమ్మలో, ఫ్యాన్ హోరు కింద భాగమంతా పరుచుకుని కనిపిస్తుంది, ఇది మాత్రం పైన కిలోహెర్ట్జ్‌లలో సన్నటి గీతలా ఉంటుంది. బయోస్‌లో సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ కునుకు తీసే సెట్టింగ్) ఆఫ్ చేస్తే ఇందులో చాలావరకు తగ్గింది, బదులుగా ఖాళీగా ఉన్నప్పుడు కూడా కొంచెం వేడిగా ఉంటుంది. అడాప్టర్ కూడా ఇలాగే కూస్తుంది, దాన్ని టేబుల్ మీంచి తీసి దూరంగా నేల మీద పడేయండి. అసలు ఫ్యాన్ లేని మెషీన్ కొందామనుకునేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా వినాలి, కప్పిపుచ్చడానికి అక్కడ ఫ్యాన్ హోరు కూడా ఉండదు.

ఫ్యాన్‌లెస్ మాటొచ్చింది కాబట్టి: 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, గొంతు రికార్డింగ్‌కి ఈ రోజుకీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బరువైన ప్లగిన్లతో చాలాసేపు నడిపితే వేడికి స్పీడ్ తగ్గించుకుంటుంది, అంతే.

హార్డ్ డిస్క్ ఉంటే తీసేయండి, ఎస్‌ఎస్‌డీ పెట్టండి. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకి 120 సార్లు తిరుగుతుంది, కాబట్టి దాని అదురు 120 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మగగొంతు కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. 80 హెర్ట్జ్ హైపాస్, అంటే 80 కిందవి కోసేసే ఫిల్టర్, దాన్ని ఆపలేదు, ఇంకా పైకి కోస్తే గొంతే పల్చబడుతుంది. ఈ డబ్బాలో ఆ బాధ లేదు.

పెట్టే చోటు. మైక్ ఆర్మ్ బిగించిన టేబుల్ మీద పెట్టకండి, అదురు చెక్కలోంచి మైక్‌లోకి పాకుతుంది. కార్డియాయిడ్ మైక్ (ఎదుటి వైపు నుంచే ఎక్కువగా వినేది) అయితే డబ్బాని మైక్ వీపు వైపు ఉంచండి, పక్కన వద్దు: పక్క నుంచి వచ్చేది 6 డెసిబెల్సే తగ్గుతుంది, వెనక నుంచి వచ్చేది ఇంకా బాగా తగ్గుతుంది. వేరే గదిలో పెట్టాలనుకుంటే ఆడియో ఇంటర్‌ఫేస్‌ని (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెని) కూడా అక్కడే ఉంచి మైక్ కేబుల్ పొడుగుది వాడండి. యూఎస్‌బీ 2 కేబుల్‌కి 5 మీటర్లే హద్దు, మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కేబుల్ 20, 30 మీటర్లు కూడా నిశ్చింతగా పోతుంది. మూసిన అలమరాలో మాత్రం పెట్టకండి, లోపల గాలి వేడెక్కి ఫ్యాన్ మళ్లీ లేస్తుంది.

కొనేవాళ్లు ఒక పరీక్ష చేసుకోండి. ఒక నిమిషం చదివి, సగటు ఆర్‌ఎంఎస్ (అంటే రికార్డింగ్ సగటు లెవెల్) మైనస్ 20 డెసిబెల్స్ దగ్గరికి తెచ్చి, మాటల్లేని ముక్క ఒక్కటే కొలవండి. ఆడియోబుక్స్ తీసుకునే ఏసీఎక్స్ అడిగేది మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద. మీ ముక్క దానికి పైన ఉంటే, ఫ్యాన్‌ని ఓసారి 60 శాతానికి పెంచి మళ్లీ కొలవండి. అంకె కదలకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు, గదిదో, మైక్ సిగ్నల్‌ని పెంచే ప్రీ-ఆంప్‌దో.

నా మాట: రికార్డింగ్ కోసమైతే తీసుకోండి. ముందరి హెడ్‌ఫోన్ జాక్ పరమ నాసిగా ఉంది, బాడీ అంతా ప్లాస్టిక్, కాయిల్ వైన్ ఉండనే ఉంది. అయినా ఆ ఒక్క బయోస్ పేజీ కోసం నేనైతే దీన్నే ఎంచుకుంటాను. కంపెనీ వాళ్లు వింటుంటే ఒక్కటి అడుగుతున్నాను, బయోస్ అప్‌డేట్ చేయగానే ఫ్యాన్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి అయిపోతున్నాయి, ప్రొఫైల్ సేవ్ చేసుకునే ఆప్షన్ ఇవ్వండి. అది వచ్చేదాకా మీరు ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.