విజయవాడ హైవే: గోల్కొండ నుంచి బందరు దాకా

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతికి ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లను మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ వరుసలో మీ కారూ ఉండి ఉండవచ్చు. హైదరాబాద్‌లో స్థిరపడిన కోస్తా వాళ్లు పండక్కి ఊరెళ్లే దారి అది. ఈ రోజు ఆ దారి గురించే మాట్లాడుకుందాం.

ప్రభుత్వ లెక్కల్లో ఇది 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై షోలాపూర్, జహీరాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడల మీదుగా మచిలీపట్నం, అంటే మన బందరు, చేరుతుంది. 2010లో నంబర్లు మార్చకముందు ఇది 9వ నంబరు రోడ్డు. పాత లారీ డ్రైవర్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ నైన్ అనే అంటారు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు, అక్కడి నుంచి బందరుకు మరో 70. నేను చెప్పబోయేది ఈ భాగం గురించే.

గోల్కొండ సుల్తానులకు రాజధాని ఒకచోట, ముఖ్యమైన రేవు మరోచోట. ఆ రేవు మచిలీపట్నం. డచ్చివాళ్లు, ఆ వెనకే 1611లో ఇంగ్లిషువాళ్లు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తీరం వెంబడి ఊళ్లలో తయారైన అద్దకం బట్టలు ఓడలెక్కి పర్షియా దాకా వెళ్లేవి. రేవులో దిగిన సరుకు గోల్కొండకు చేరాలంటే దారి కావాలి కదా. ఆ అవసరంలోంచే ఈ మార్గం పెద్దదయింది. వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ ప్రాంతాల్లో తిరిగి, బెజవాడ గుడి గురించి కూడా రాశాడు. అప్పట్లో ఈ దారిలో బండ్లు సాగడమే కష్టం. పెరికెద్దుల మీద బస్తాలు వేసుకుని వాగులూ వంకలూ దాటుకుంటూ నడిచేవారు.

అలా నడిచివచ్చినవాళ్లకు నగరం ఇక ఒక మజిలీ దూరంలో ఉందనగా ఒక విడిది ఉండేది. అదే హయత్‌నగర్. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. మసీదు, బాటసారులకు సరాయి, పక్కనే హాథీ బావి అనే పెద్ద దిగుడు బావి కట్టించారు. హయత్‌నగర్ ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. బస్సు కోసం అక్కడ నిలబడేవాళ్లలో ఎంతమందికి ఆ బావి సంగతి తెలుసో గాని, ఒక్కసారి లోపలికి వెళ్లి చూడమని మాత్రం గట్టిగా చెబుతాను.

1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయింది. 1864 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెనకు బందరులో సుమారు 30 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. 1889లో వరంగల్ వైపు నుంచి రైలు బెజవాడ చేరింది. రైలు అటు వెళ్లడంతో నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వాళ్లకు ఈ రోడ్డే మిగిలింది. జిల్లా కేంద్రమైన సూర్యాపేటకు నేటికీ రైల్వే స్టేషన్ లేదు. కాన్పుకు ఆసుపత్రికి వెళ్లాలన్నా, మిర్చి అమ్ముకోవాలన్నా, కొలువు కోసం పట్నం రావాలన్నా ఈ రోడ్డే ఎక్కాలి. మనకు ఇది పండక్కి వెళ్లే దారి. వాళ్లకు రోజూ బతుకు నడిచేదే దీని మీద.

ఇక నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయానికి వస్తాను. స్వాతంత్ర్యానికి ముందు ఈ దారిలో ప్రయాణించే మనిషి ఎన్ని సరిహద్దులు దాటేవాడో తెలుసా? హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా నిజాం రాజ్యం. కాస్త ముందుకు వెళితే మునగాల. ఆ పరగణా బ్రిటిషువాళ్ల కృష్ణా జిల్లాకు చెందింది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది. మునగాల దాటి కోదాడ చేరితే మళ్లీ నిజాం రాజ్యమే. పాలేరు ఏరు దాటి జగ్గయ్యపేట వైపు వెళితే మళ్లీ బ్రిటిషు ఇలాకా. నందిగామ, కంచికచర్ల గడిచాక పరిటాల వస్తుంది. పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్లు నిజాంవి! వజ్రాల గనుల మీద ఆశతో బ్రిటిషు జిల్లా నడుమ ఆ కొద్దిపాటి నేలను నిజాం ప్రభువులు వదులుకోలేదు.

ఈ రెండు తునకల నుంచీ పెద్ద పనులే జరిగాయి. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు ముందు నిలిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగు పుస్తకానికి దొరికిన గూడు అది. ఇక పరిటాల ప్రజలు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా తాము నిజాం కింద ఉండడమేమిటని తిరగబడి, తమ ఊళ్లను స్వతంత్ర రిపబ్లిక్‌గా ప్రకటించుకున్నారు. అక్కడి ఎత్తయిన ఆంజనేయ విగ్రహాన్ని చూసి దండం పెట్టుకుని వెళ్లేవాళ్లు చాలామందే. ఈ కథ తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అది నాకు బాధ కలిగిస్తుంది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ఈ రహదారి రెండు కొసల నుంచీ ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా వచ్చింది. మరో దళం బెజవాడ వైపు నుంచి బయలుదేరి మొదటిరోజే కోదాడ, మునగాల చేరింది. సూర్యాపేట దగ్గర వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. కానీ అక్కడ కాపలా పెట్టి అడ్డుకోలేకపోయింది. భారత సైనికులు వంతెనను త్వరగానే బాగుచేసుకుని ముందుకు కదిలారు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఈ దారిలో రాష్ట్ర సరిహద్దు లేకుండా పోయింది. 2014 జూన్ 2న మళ్లీ పాలేరు దగ్గరకే వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీచేసి ఇళ్లకు బయలుదేరిన పిల్లలు ఆ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి చిక్కుకుపోయారు. ఇళ్లలో తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఈ రోడ్డుకు అడ్డంగా మూసీ, పాలేరు, మున్నేరు ప్రవహిస్తాయి. మూడూ కృష్ణలో కలిసేవే. 2012 నాటికి నాలుగు వరుసలుగా వెడల్పయింది కాబట్టి వానకూ వరదకూ ఇక చింత లేదనుకున్నాం. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీళ్లు రోడ్డెక్కాయి. 2024 సెప్టెంబరు మొదట్లో అదే చోట మళ్లీ ఎక్కాయి. గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్కన రోడ్డే కోసుకుపోయింది. రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డును ఇంకా వెడల్పు చేయాలనే కోరిక న్యాయమైనదే. కానీ వరుసలు పెంచేముందు, నీరు అడ్డు లేకుండా పోయేలా కల్వర్టులు, వంతెనలు పెంచాలి. ఊళ్ల దగ్గర మనుషులూ పశువులూ రోడ్డు దాటడానికి అండర్‌పాసులు కట్టాలి. పొలానికి వెళ్లే రైతు డివైడర్ దూకి వెళ్లాల్సి రావడం, ఆ క్రమంలో ప్రాణాలు పోవడం చాలా అన్యాయం.

దారిలో ఆగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శివాలయాలు రోడ్డుకు దగ్గరలోనే ఉన్నాయి. దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటారు. ఆ రోజుల్లో హైవే మీది వాహనాలను వేరే దారి పట్టిస్తారు. జాతీయ రహదారి యాదవుల దేవుడికి దారి వదిలి పక్కకు జరగడం నాకు చాలా ఇష్టమైన విషయం. ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు తిరిగితే కొండపల్లి. కోట చూసి, పిల్లలకు కొయ్యబొమ్మలు కొనుక్కుని రావచ్చు.

విజయవాడ దాటాక కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. చెరకు తోటలు, వరి పొలాలు, కాలవలు. పామర్రు నుంచి కూచిపూడి ఎంతో దూరం లేదు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా మచిలీపట్నం ప్రయాణంలో ఆ భాగవతుల నాట్యం చూసి ముగ్ధుడై ఊరినే అగ్రహారంగా ఇచ్చాడని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఈసారి బందరు వెళ్తే ఒక పూట ముందే బయలుదేరి ఆ ఊరికి కూడా వెళ్లి రండి.

నమస్కారం.