చాప అంచు ఎత్తి చూడండి

(తిరుపతి దగ్గర ఒక మామిడి తోపులో, కాలనీ కార్తీక వనభోజనాల రోజు చేసిన ప్రసంగ పాఠం)

సంఘం అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన అమ్మలకి, అక్కచెల్లెళ్ళకి, ఆకలి మీదున్న పిల్లలకి నమస్కారం. ఉసిరి చెట్టు కింద దీపం పెట్టుకున్నాం. కార్తీక మాసం గొప్పతనం గురించి రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. అది ఇందాక పూజారి గారు చక్కగా చెప్పేశారు. నేను ముప్పై రెండేళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. మన కాలనీ మొత్తం ఇలా నేల మీద కూర్చుని కనిపించేది ఏడాదికి ఒక్కసారి. కాబట్టి ఆ నేల గురించే మాట్లాడతాను.

పోయిన నెల కమిటీ మీటింగులో పార్కుకి క్లోవర్ లాన్ వేద్దామన్న మాట వచ్చింది. అమెరికాలో కొడుకు ఇంట్లో ఆరు నెలలుండి వచ్చిన పెద్దాయన ఫోన్లో ఫోటోలు చూపించారు. పచ్చటి తివాచీ, మధ్యమధ్యలో తెల్లటి పూలబంతులు. ఆయన చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. తెల్ల క్లోవర్, అంటే ట్రైఫోలియం రెపెన్స్, చిక్కుడు కుటుంబం మొక్క. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో పట్టి పెడుతుంది, యూరియా చల్లక్కర్లేదు. కోత పని తక్కువ. తేనెటీగలొస్తాయి. అక్కడ వర్షాలు తక్కువున్న ఊళ్ళలో కూడా గడ్డికి బదులు దీన్ని వేస్తున్నారు, అదీ నిజమే.

అయితే అక్కడి మెట్ట ప్రాంతం వేరు, మన మెట్ట వేరు. క్లోవర్ చలిదేశపు మొక్క. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది. వేళ్ళు పైపైనే ఉంటాయి. తిరుపతిలో ఏప్రిల్ వచ్చిందంటే నలభై దాటుతుంది, రాత్రి పన్నెండుకి కూడా బండ వేడి దిగదు. ఆ వేడికి అది నిలవదు. ఉత్తర భారతంలో పశువుల మేతకి వేసే బెర్సీం కూడా క్లోవరే. దాన్నీ శీతాకాలం పంటగానే వేస్తారు.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. మూడేళ్ళ కిందట నేనే గింజలు తెప్పించి, సంక్రాంతి వెళ్ళగానే మా ఇంటి ముందు రెండు చాపలంత చోట చల్లాను. వారంలో మొలక. ఫిబ్రవరిలో చూసినవాళ్ళంతా ఆగి అడిగారు. ఉగాదికి పసుపు తిరిగింది. ఏప్రిల్ మూడో వారానికి నేల తేలింది, రోజూ రెండు పూటలా నీళ్ళు పోసినా. ఒక మొక్క పీకి వేరు కడిగి చూశాను. తెల్లగా, బోడిగా ఉంది. బుడిపె ఒక్కటీ లేదు. క్లోవర్‌కి పనికొచ్చే బాక్టీరియా తెగ వేరే, అది మన మట్టిలో లేదనుకోవాలి. అంటే దేనికోసం వేశామో ఆ పనీ అది చెయ్యలేదు.

మన కాలనీ కట్టక ముందు అక్కడ ఏముండేదో ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళకి తెలుసు. చెనిక్కాయ చేను. చెనిక్కాయ చెట్టు పీకినప్పుడు వేరు మీద ఆవగింజలంత బుడిపెలు చూశారు కదా? ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల ఎర్రగా, రక్తం రంగులో ఉంటుంది. ఆ ఎరుపు ఉందంటే అది పని చేస్తున్నట్టు. మా నాయన చేలో నాకది చూపించేనాటికి ఆయనకి నత్రజని అన్న మాట తెలియదు. "ఎర్రగుంటే చేను బాగుంటాదిరా" అనేవాడు. ఆ మట్టే ఇప్పుడు మన పార్కు కింద ఉంది.

నీళ్ళ లెక్క ఒక్కటి వినండి. మన పార్కులో గడ్డి వేసిన చోటు నాలుగు సెంట్లు, అంటే సుమారు 160 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు మందాన నిలిచే నీరు సరిగ్గా ఒక లీటరు. మే నెలలో ఆ కొరియన్ గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకి అయిదు మిల్లీమీటర్లు పోశామనుకుందాం, 800 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకరు ఆరు రోజులు. కల్యాణి డ్యామ్ నీళ్ళూ, తెలుగుగంగ నీళ్ళూ కొళాయికి వచ్చే రోజు కోసం మనం బిందెలు కడిగి పెట్టుకుని చూస్తుంటాం. అలాంటి ఊళ్ళో గడ్డికి ట్యాంకరు తోలించడం నా మనసుకి పట్టదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. రెండేళ్ళ కిందటి మే నెల గుర్తుందా? పార్కు బోరు ఎండింది. కొరియన్ గడ్డి గోనెపట్టా రంగుకి వచ్చింది. కొళాయి పక్కన వేపచెట్టు మూల మాత్రం పచ్చగా ఉండిపోయింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. పార్కు ఊడ్చే అమ్మ మధ్యాహ్నం అక్కడే కూర్చుని సద్ది తినేది. నేను రోజూ సాయంత్రం వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాణ్ణి. మూడేసి ఆకులు, ఒక్కో ఆకు బియ్యపుగింజంత, చివర చిన్న నొక్కుతో గుండె ఆకారం. నేలకి అతుక్కుని పాకే తీగ, కణుపు కణుపుకీ వేరు. మధ్యలో లేత ఊదా పువ్వు, వంగి చూస్తేనే కనబడేంత. డెస్మోడియం ట్రైఫ్లోరమ్ దాని పేరు. అదీ చిక్కుడు కుటుంబమే. దాని వేరు తీసి చూస్తే బుడిపెలున్నాయి. చెనిక్కాయకీ అలసందకీ పనికొచ్చే తెగ బాక్టీరియానే దీనికీ సరిపోతుంది.

ఆగస్టులో ఒక వారం నేను ఊళ్ళో లేను. పదిహేనో తారీఖు జెండా పండక్కి పార్కు శుభ్రం చెయ్యాలని కాంట్రాక్టరు మనుషులొచ్చి కలుపుమందు కొట్టి వెళ్ళారు. నేను తిరిగొచ్చేసరికి ఆ మూల తీగలన్నీ మెలికలు తిరిగి, ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. 2,4-డి అనే కలుపుమందు కొడితే వెడల్పాకు మొక్కలు అలాగే చస్తాయి, గడ్డికి ఏమీ కాదు. ఆ అమ్మ నా దగ్గరికి వచ్చి, "మందు కొట్టేసినారు సార్. కసువంటా అది. నేను కూసునేది ఆడే సార్" అంది. నాకు మాట రాలేదు. ఇప్పటికీ ఆ మూలకి వెళ్తే గుండె కలుక్కుమంటుంది.

ఇదే కథ అమెరికాలోనూ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ళు లాన్‌కి కొనే గింజల్లో క్లోవర్ కలిపే అమ్మేవారు. యుద్ధం అయ్యాక ఈ 2,4-డి బజారులోకి వచ్చింది. గడ్డిని వదిలి వెడల్పాకుల్ని చంపే మందు, దాంతో క్లోవరూ చచ్చింది. మందుకి చచ్చేది కలుపేనని జనం అనుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇప్పుడు మళ్ళీ డబ్బు పెట్టి క్లోవర్ గింజలు కొంటున్నారు. మనం చంపుకున్నదానికి బదులు వాళ్ళు తిరిగి తెచ్చుకున్నదాన్ని తెప్పిద్దామంటున్నాం.

అమ్మా, ఒక్క నిమిషం. పిల్లలూ, మీరు కూడా. మీరు కూర్చున్న చాప అంచు ఎత్తి చూడండి. నీడ మరీ చిక్కగా లేని చోట, ఆ బాట పక్కన. కనబడిందా? పసుపు పువ్వుంటే అది పులిచింత, నమిలితే పుల్లగా ఉంటుంది, అది కాదు. దాని పక్కన ఇంకా చిన్న ఆకు. అదే, మన వేపచెట్టు మూల మొక్క. ఈశాన్య రుతుపవనం వానలు పడ్డాయి కాబట్టి ఇప్పుడు బాగా తెలుస్తుంది. ఇంతమంది తొక్కుతూ వచ్చినా అది అలాగే ఉంది.

ఎండ బాగా తగిలే చోటికి ఇంకొకటుంది, బొక్కెనాకు. మన పక్కన తమిళం మాట్లాడే ఇళ్ళలో పొడుతలై అంటారు, చుండ్రుకి నూనె కాస్తారు. చెరువు గట్టున పాకుతూ ఉంటుంది. దాని రకాన్నే జపాన్‌లో మెరుగుపరిచి కురాపియా అన్నారు. కాలిఫోర్నియాలో నీళ్ళు ఆదా చెయ్యడానికి లాన్‌గా పరుస్తున్నారు. పువ్వులకి తేనెటీగలొస్తాయి కాబట్టి పిల్లలు చెప్పుల్లేకుండా ఆడే చోట వద్దు, అంచుల్లో వేసుకుందాం. ఇక గరిక సంగతి చెప్పక్కర్లేదు, చవితికి వెతుక్కునేది అదే.

ఇవి మే నెల మొత్తం ఫోటోలో ఉన్నట్టు ఉంటాయని నేను చెప్పను. మరీ ఎండితే పలచబడతాయి, అక్కడక్కడా మట్టి కనిపిస్తుంది. ఒక వాన పడితే లేస్తాయి. నాటడం ఇప్పుడే, డిసెంబరులోపల. అరచేయంత పెళ్ళ వేరుతో సహా తీసి, జానెడు ఎడంలో పెట్టి, కాలితో అదిమి, మూడు వారాలు తడిపితే చాలు. ఆ తర్వాత నీళ్ళు ఎప్పుడో ఒకసారి. కలుపుమందు మాత్రం పార్కు గేటు లోపలికి రాకూడదు. కార్యదర్శి గారూ, ఈ ఒక్క మాట మీటింగు పుస్తకంలో రాయండి, నేను చేతులెత్తి అడుగుతున్నాను.

తోపు యజమాని గారిని అడిగాను, పెళ్ళలు తీసుకోమన్నారు. నా కారు వెనక నాలుగు ట్రేలున్నాయి, ఒక పార కూడా ఉంది. విస్తర్లు వేసేలోపు ఇంకా పావుగంట ఉందట. వచ్చేవాళ్ళు రండి, ఆ బాట పక్క నుంచి మొదలుపెడదాం. వేపచెట్టు మూల నేను తవ్వి, తడిపి పెట్టి వచ్చాను.