అగ్రిమెంట్ గడువు దాటాక రూమ్ ఖాళీ చేస్తున్నారా? నోటీసు ఇలా ఇవ్వండి

నమస్కారం అండీ. నాలుగేళ్ల కిందట నేనొక రూమ్ ఖాళీ చేశాను. మెట్ల దగ్గర ఓనర్ గారు కనిపిస్తే, "అంకుల్, వచ్చే నెలాఖరుకి వెళ్లిపోతున్నా" అన్నాను. "సరే బాబూ" అన్నారు. చెప్పేశాను కదా, పనైపోయింది అనుకున్నాను. తీరా సామాను దించుతుంటే "నాకెప్పుడు చెప్పావ్? నెల ముందు చెప్పాలి కదా" అంటూ అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పట్టేసుకున్నారు. నా దగ్గర కాగితం లేదు, మెసేజ్ కూడా లేదు. ఆయన నిజంగానే మర్చిపోయారేమో, ఇప్పటికీ నాకు తెలీదు. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఈ వీడియో.

ముందు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారో చూసుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా చాలామంది అగ్రిమెంట్ 11 నెలలకే రాసుకుంటారు. మీది గత ఏడాది జూన్ 1న మొదలైందనుకోండి, ఈ ఏప్రిల్ 30తో అయిపోయింది. కొత్త కాగితం ఎవరూ రాయలేదు. మీరు మే అద్దె ఫోన్‌పేలో పంపారు, ఓనర్ తీసుకున్నారు. జూన్ కూడా అంతే. ఇప్పుడు మీరు అగ్రిమెంట్ లేకుండా ఉంటున్నట్టా? కాదండీ. 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్‌లో సెక్షన్ 116 సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే ఉంది. గడువు దాటాక కూడా ఓనర్ అద్దె తీసుకుంటే, ఉండే ఇంటి విషయంలో ఆ అద్దె నెల నెలకీ కొనసాగుతున్నట్టే లెక్క.

నెలవారీ అద్దె కాబట్టి ఎవరు ముగించాలన్నా నోటీసు ఇవ్వాలి. ఎన్ని రోజులు? అదే చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజులు. ఓనర్ మీకివ్వాలన్నా అంతే, మీరు ఓనర్‌కివ్వాలన్నా అంతే. ఆ 15 రోజులు మీరు రాసిన రోజు నుంచి కాదు, నోటీసు వాళ్ల చేతికి అందిన రోజు నుంచి మొదలవుతాయి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మీరిద్దరూ వేరేలా రాసుకోకపోతేనే ఈ 15 రోజుల రూల్. మీ పాత అగ్రిమెంట్ తీసి చూడండి, అందులో "ఒక నెల ముందు నోటీసు" అనే లైన్ దాదాపు ఉంటుంది. "గడువే అయిపోయింది, ఇక ఆ లైన్ చెల్లదు" అని మీరంటారు, "పాత షరతుల మీదే కదా ఉంటున్నావ్" అని ఆయనంటారు. ఆ వాదనలోకి దిగకండి. 15 రోజులు, అగ్రిమెంట్‌లో రాసినది, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇచ్చేయండి. పది, పదిహేను రోజుల అద్దె కోసం లాయర్ దగ్గరికి వెళ్లేవాళ్లెవరూ ఉండరు కదా.

అగ్రిమెంట్ అయిపోయే రోజునే, అంటే ఏప్రిల్ 30నే వెళ్లిపోతున్నట్టయితే? గడువు ముగిస్తే అద్దె దానంతటదే ముగుస్తుంది, చట్టం నోటీసు అడగదు. కానీ అగ్రిమెంట్ ఏమంటుందో చూసుకోండి, నెల ముందు ఒక మాట రాసి పంపండి. ఓనర్ కూడా టు-లెట్ బోర్డు పెట్టుకోవాలి కదా.

ఇప్పుడు తేదీలు పెట్టి చూద్దాం. మీరు సెప్టెంబరు 30న ఖాళీ చేయాలి, అగ్రిమెంట్‌లో నెల నోటీసు ఉంది. అయితే ఆగస్టు 30 లోపు నోటీసు ఆయన చేతిలో ఉండాలి. నేనైతే 25నే ఇస్తాను. మధ్యలో ఆదివారం రావచ్చు, ఆయన ఊళ్లో లేకపోవచ్చు. అద్దె నెల ఒకటో తారీఖు నుంచి కాకుండా 10 నుంచి 9 దాకా నడిచేవాళ్లున్నారు, వాళ్లు 9వ తేదీకే ముగింపు పెట్టుకోండి. నెల మధ్యలో ముగిస్తే నోటీసు చెల్లదని చట్టమేమీ అనదు. 15 రోజులకి సగం అద్దె చాలా, పూర్తి నెల కట్టాలా అనే గొడవ మాత్రం తప్పకుండా వస్తుంది.

సరే, నోటీసు రాద్దాం. నేను చదువుతాను, స్క్రీన్ మీద చూస్తూ ఉండండి.

"తేదీ: ఆగస్టు 25. ఫలానా గారికి. మీ ఇంటి మొదటి అంతస్తులోని గదిలో గత ఏడాది జూన్ 1 నాటి అగ్రిమెంట్ ప్రకారం అద్దెకు ఉంటున్నాను. దాని గడువు ఈ ఏప్రిల్ 30తో ముగిసింది. అప్పటి నుంచి నెలనెలా అద్దె చెల్లిస్తూ కొనసాగుతున్నాను. ఈ అద్దెను సెప్టెంబరు 30తో ముగిస్తున్నాను. ఆ రోజు సాయంత్రంలోగా గది ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాను. అప్పటివరకు అద్దె, కరెంటు బిల్లు నేనే చెల్లిస్తాను. నా అడ్వాన్స్ 20,000 రూపాయలు తాళాలు అందిన రోజున తిరిగి ఇవ్వగలరు."

కింద మీ పేరు, సంతకం. అంతే. "వెళ్లాలనుకుంటున్నాను" అని రాయకండి. అనుకోవడం వేరు, వెళ్లడం వేరు. రేపు ఆయన "అనుకుంటున్నానన్నాడు, ఖాయంగా చెప్పలేదు" అనడానికి మనమే సందు ఇచ్చినట్టవుతుంది. ఎందుకు వెళ్తున్నారో కూడా అక్కర్లేదు. నీళ్లు రావట్లేదు, పై పోర్షన్ వాళ్లు గోల చేస్తున్నారు, ఇవన్నీ ఎక్కిస్తే నోటీసు కాస్తా గొడవ కాగితం అవుతుంది.

అగ్రిమెంట్‌లో ఇద్దరు ముగ్గురి పేర్లుంటే అందరూ సంతకం పెట్టండి. ఒక్కరే వెళ్లిపోతూ మిగతావాళ్లు ఉంటున్నారా? అది వేరే కథ. మిగిలేవాళ్ల పేర్లతో కొత్త అగ్రిమెంట్ రాయించి, మీ వాటా అడ్వాన్స్ తీసుకుని బయటపడండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత వాళ్లు అద్దె ఎగ్గొట్టినా ఫోన్ మీకే వస్తుంది.

నోటీసు ఎలా అందించాలి? చట్టం చెప్పే దారులివి: నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. దాన్ని పోస్టులో పంపొచ్చు. లేదా నేరుగా చేతికివ్వొచ్చు. ఆయన లేకపోతే ఇంట్లోవాళ్లకో, పనివాళ్లకో ఇవ్వొచ్చు. ఇవేవీ కుదరకపోతే అద్దెకున్న ఇంటికే, అందరికీ కనబడేచోట అంటించొచ్చు. 1882లో వాట్సాప్ లేదు కాబట్టి దాని మాట అందులో లేదు. అలాగని వాట్సాప్ పనికిరాదని కాదు. నా పద్ధతి ఇది: రెండు కాపీలు తీసి, ఒకటి ఓనర్‌కిచ్చి, రెండోదాని మీద "అందింది" అని తేదీతో సంతకం పెట్టించుకుంటాను. ఆ కాపీ ఫోటో అదే రోజు ఆయనకే వాట్సాప్ చేస్తాను. సంతకం అడగడానికి మొహమాటంగా ఉంటే "అంకుల్, మా ఆఫీసులో అడుగుతారు" అనండి. చిన్న అబద్ధమే, ఎవరికీ నష్టం లేదు. సంతకం పెట్టనంటే టెన్షన్ పడకండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి.

హాస్టల్‌లో, పీజీలో ఉండేవాళ్లకి ఒక్క మాట. మీకు ఉన్నది చాలావరకు అద్దె హక్కు కాదు, ఉండటానికి అనుమతి మాత్రమే. అందుకే అక్కడ ఈ 15 రోజుల రూల్ పట్టుకుని వాదిస్తే లాభం లేదు. జాయిన్ అయిన రోజు సంతకం పెట్టిన ఫారం ఏమంటే అదే.

నోటీసు ఇచ్చాక మనసు మారిందా? మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు, ఓనర్ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అదీ రాతలోనే ఉండాలి. ఈలోగా ఆయన కొత్తవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఇక అడగడం కూడా అనవసరం.

చివరి నెల అద్దె కట్టకుండా "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనేవాళ్లు చాలామంది. ఓనర్ ఒప్పుకుంటే సరే, లేకపోతే కట్టేయండి. బాకీ ఉన్నవాడి మాటకి విలువ తగ్గుతుంది. పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసేది మాత్రం అగ్రిమెంట్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి. గదిని ఎలా తీసుకున్నామో అలా అప్పగించాలి, నిజమే. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకి మాత్రం మినహాయింపు ఉంది, అది సెక్షన్ 108లోనే ఉంది. గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల. గోడకి మీరు కొట్టిన పన్నెండు మేకుల కన్నాలు అరుగుదల కాదు, వాటిని పూడ్చేయండి.

ఖాళీ చేసే రోజు సామాను దించేశాక గదంతా ఆగకుండా ఒక వీడియో తీయండి. బాత్రూమ్ కుళాయిలు, స్విచ్ బోర్డులు, కిటికీ అద్దాలు కనబడాలి. సబ్ మీటర్ రీడింగ్ ఓనర్ ఎదురుగానే ఫోటో తీయండి. మీరిచ్చిన ఖాళీ చెక్కులేమైనా ఉంటే అడిగి తీసుకోండి. తాళాలు వాచ్‌మ్యాన్‌కో, పక్కింటి ఆంటీకో ఇచ్చి వెళ్లకండి. తాళాలు ఓనర్‌కి అందలేదంటే గది ఇంకా మీ దగ్గరే ఉందని అనొచ్చు, ఆ రోజులకీ అద్దె అడగొచ్చు. ఆయన చేతికే ఇచ్చి, మీ నోటీసు కాపీ వెనకాలే "తాళాలు అందాయి, అడ్వాన్స్ ఇంత తిరిగి ఇచ్చాను" అని రాయించి, తేదీ, సంతకం తీసుకోండి. ట్రాలీ ఆటో కదిలేది ఆ తర్వాతే.