లంగరు దగ్గర ఫిడేలు

అందరికీ నమస్కారం.

ఫిడేలు అనగానే మనకు కచేరీ గుర్తొస్తుంది. ఈ రోజు నేను చెప్పబోయేది 18వ శతాబ్దపు ఇంగ్లిష్ యుద్ధనౌకల మీద మోగిన ఫిడేలు గురించి. అక్కడ అది పని చేయించే వాయిద్యం.

అప్పట్లో లంగరు ఎత్తాలంటే మనుషుల రెక్కల బలమే ఆధారం. డెక్ మీద నిలువుగా ఒక పెద్ద కొయ్య దిమ్మ ఉంటుంది. దాన్ని కాప్‌స్టన్ అంటారు, అది తిరిగితే లంగరు పైకి వస్తుంది. దానికి చుట్టూ పొడవాటి కర్రలు గుచ్చి, ఒక్కో కర్రకు కొంతమంది ఛాతీ ఆనించి నెడుతూ గానుగెద్దుల్లా తిరగాలి. అందరి అడుగూ ఒక్కసారే పడకపోతే బలం చెదిరిపోతుంది. సరుకు ఓడల్లో అయితే కళాసీలు పాటలు పాడుకుంటూ నెట్టేవారు. నౌకాదళంలో అలా కుదరదు, అధికారి ఆజ్ఞ వినబడాలి. అందుకని ఫిడేలు వాయించేవాణ్ణి ఆ దిమ్మ మీదే కూర్చోబెట్టేవారు. కింద వాళ్లు నెడుతుంటే అతనూ దిమ్మతోపాటు తిరుగుతూ వాయించేవాడు. ‘ది గర్ల్ ఐ లెఫ్ట్ బిహైండ్ మీ’ అనే వరస ఓడ బయల్దేరేటప్పుడు వాయించడం ఆనవాయితీ అయింది. వదిలి వచ్చిన పిల్ల గురించిన పాట అది. ఆ సమయంలో అంతకన్నా తగిన వరస ఏముంటుంది!

ఈ వాయిద్యగాళ్లలో నాకు బాగా ఇష్టమైనవాడు మైకేల్ బర్న్. 1787లో ఇంగ్లిష్ నౌకాదళపు బౌంటీ ఓడ పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవికి బయల్దేరింది. నావికులు రోజూ సాయంత్రం డాన్స్ చేస్తేనే ఆరోగ్యంగా ఉంటారని కెప్టెన్ బ్లై గట్టి నమ్మకం. ఫిడేలు వచ్చినవాడు ఓ పట్టాన దొరకలేదు. చివరికి చూపు సరిగా లేని బర్న్‌నే తీసుకున్నాడు. 1788 అక్టోబరులో ఇద్దరు డాన్స్ చెయ్యబోమని మొండికేస్తే వాళ్ల సారా కోటా ఆపేశాడు కూడా. నిజానికి అప్పటి నావికుల్ని పీడించిన స్కర్వీ సి విటమిన్ లేక వచ్చే జబ్బు, గంతులేస్తే పోదు. అయినా నెలల తరబడి నీళ్లు తప్ప ఏమీ కనబడని చోట, ఆ కాసేపటి పాట మనుషుల్ని నిలబెట్టిందనే నేను నమ్ముతాను.

1789లో కొందరు నావికులు బ్లై మీద తిరుగుబాటు చేసి అతన్ని చిన్న పడవలో వదిలేసినప్పుడు, బర్న్ తిరుగుబాటుదారులతో ఓడలోనే ఉండిపోయాడు. తర్వాత పట్టుబడి, 1792లో పోర్ట్స్‌మత్‌లో విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు.

దాదాపు ఆ కాలంలోనే బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఫిడేలు నేర్చుకుని మన కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. సముద్రం దాటి వచ్చిన వాయిద్యమే మరి.

ఇక హార్న్‌పైప్. నావికుల డాన్స్‌గా పేరు పడిన వరస ఇది. నాలుగు దెబ్బల నడక. ఒక్కో భాగం చివర మూడు స్వరాలు గట్టిగా పడతాయి, అక్కడ మడమలు నేలకు తన్నాలి. ఇప్పుడు ‘కాలేజ్ హార్న్‌పైప్’ వినిపిస్తాను. ఆ మూడు దెబ్బల దగ్గర మీరూ కాలు కలపండి.