పూయని ఏళ్లలో నీలకురింజి

శ్రోతలకు నమస్కారం. మున్నారుకో కొడైకెనాల్‌కో మన తెలుగువాళ్లు ఏటా వెళ్తూనే ఉంటారు. అక్కడి కొండవాలుల్లో, గడ్డి మధ్య, మోకాలెత్తు పొదలు కనిపిస్తాయి. పువ్వు లేదు కాబట్టి ఎవరూ ఆగి చూడరు. 2018లో మున్నారు దగ్గరి ఎరవికులం కొండలను నీలంగా మార్చి, అంతమందిని రప్పించిన నీలకురింజి అదే.

అది పన్నెండేళ్లకు ఒకసారి పూస్తుంది. ఆ కొండల్లో 1994లో, 2006లో, 2018లో పూసింది. మళ్లీ 2030లో పూయాలి. ఒక చోటి మొక్కలన్నీ దాదాపు ఒకేసారి పూసి, గింజలు రాల్చి చనిపోతాయి. అంటే 2030 పూలు పూయవలసిన మొక్కలు ఇప్పుడే అక్కడ పెరుగుతున్నాయి. పూల కాలంలో గుర్తుపట్టడం గొప్ప కాదు. ఇప్పుడు గుర్తుపట్టాలి.

ఆకులు కణుపు కణుపుకూ ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. అంచులు రంపపు పళ్లలా ఉంటాయి, ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. మన పెరటి కనకాంబరం, అడ్డసరం కూడా నీలకురింజి కుటుంబానివే. పూసినప్పుడు గంటల్లాంటి పూలు, ఊదా కలిసిన నీలం రంగులో, కంకులుగా వస్తాయి.

అయితే ఇంతటితో తేలదు. పశ్చిమ కనుమల్లో కురింజి జాతులు పదుల సంఖ్యలో ఉన్నాయి. మహారాష్ట్ర కొండల్లో ఎనిమిదేళ్లకోసారి పూసే కార్వీ వాటిలో ఒకటి. కొండమీద నీలిపువ్వు కనిపించగానే నీలకురింజి అనేస్తే పొరపాటే. అందుకే మొక్కతో పాటు అది నిలిచిన నేలనూ చూడాలి. దాని చోటు సుమారు 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తున, ఎండ, గాలి ధారాళంగా తగిలే గడ్డివాలు. పక్కనే లోయ మడతల్లో, ఏడాది పొడవునా పచ్చగా ఉండే షోలా అనే కొండ అడవి దట్టంగా ఉంటుంది. ఆ అడవి నీడలో పెరిగే కురింజులు చాలావరకు వేరే జాతులు.

నాకు బాధ కలిగించేది ఈ గడ్డివాలుల గతి. చెట్లు లేవు కదా అని వీటిని బీడుగా లెక్కగట్టారు. తేయాకు వేశారు, యూకలిప్టస్, వాటిల్ అనే తుమ్మజాతి చెట్ల తోటలు పెంచారు. గడ్డి పోయిన చోట నీలకురింజీ పోయింది. అది బీడు కాదు, తనదైన జీవం గల నేల. కేరళ ప్రభుత్వం 2006లో ఇడుక్కి జిల్లాలో కురింజిమల అభయారణ్యాన్ని ప్రకటించింది ఈ మొక్క కోసమే. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని రక్షిత మొక్కల జాబితాలోనూ దీనికి చోటు దక్కింది. అడవిలో దీన్ని తెంపడం నేరం.

ఆ వైపు వెళ్లే శ్రోతలకు నా మనవి ఒకటే. ఫోటో కోసం దారి దిగి వాలులోకి నడవకండి. అంచున నిలబడి ఆ జంట ఆకులను చూడండి, పిల్లలకు చూపించండి. నమస్కారం.