ఊపిరి వెళ్లి చేరేది ఎక్కడికి?

శ్రోతలకు నమస్కారం.

కదిలిపోతున్న బస్సును పరుగెత్తి అందుకున్నప్పుడు గమనించారా? రొప్పు ఎక్కువగా వచ్చేది లోపల కూర్చున్నాకే. మరి ఆ నాలుగు క్షణాల పరుగుకు కాళ్లకు శక్తి ఎక్కడిది? కండరాల్లో సిద్ధంగా ఉన్న ఏటీపీ నుంచి. కణాలు ఏ పనికైనా ఖర్చుపెట్టే శక్తి పదార్థం ఇది. అది ఖర్చవుతుంటే ఫాస్ఫోక్రియాటిన్ అనే మరో పదార్థం వెంటనే దాన్ని భర్తీ చేస్తుంది.

ఈ రెండింటి చరిత్రలోనూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీ పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ సుబ్బారావు గారి పేరు పిల్లలకు చెప్పాలని నా కోరిక.

ఆ నిల్వ కొద్ది క్షణాలకే సరిపోతుంది. అందుకే కణం ఏటీపీని ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటూనే ఉండాలి. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి కణాన్ని చేరుతుంది. అక్కడ మొదట రెండు ముక్కలవుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, కానీ దక్కేది రెండు ఏటీపీలే. ఆ ముక్కలు కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోకి వెళ్లాకే అసలు రాబడి. మొత్తం కలిపి ఒక్క గ్లూకోజు అణువుకు సుమారు ముప్ఫై ఏటీపీలు వస్తాయి.

అక్కడ జరిగేది నాగార్జునసాగర్‌లో కరెంటు తీసినట్టే ఉంటుంది. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల శక్తితో ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపలి పొరకు ఒకవైపు, డ్యాములో నీళ్లలా, పోగుపడతాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒక ఎంజైమును చక్రంలా తిప్పుతాయి. అది తిరుగుతుంటే ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ ప్రోటాన్ల సంగతి ప్రతిపాదిస్తే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి మనం పీల్చిన ఆక్సిజన్ ఏమవుతుంది? కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మనం వదిలే ఆ వాయువులోని కార్బన్ తిన్న ఆహారానిది. పీల్చిన ఆక్సిజన్ చివరి మెట్టు దగ్గర నిలబడి, పని ముగించిన ఎలక్ట్రాన్లను అందుకుని నీరుగా మారుతుంది. సైనైడ్ ప్రాణాలు తీసేది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు.

ఇంకొక్క విశేషం. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ పంచే ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా ఉండవు. మోసుకెళ్లే ఆక్సిజన్‌ను అవి తమ శక్తి కోసం వాడుకోవు. గ్లూకోజు రెండుగా విడిపోయినప్పుడు దక్కే ఆ రెండు ఏటీపీలతోనే దాదాపు 120 రోజులు బతుకుతాయి.