జలుబే కదా అనుకున్న రాత్రి

తమ్ముడు: నమస్కారం. చెన్నైలో, పెరంబూర్‌లోని మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. బయట వాన, మధ్యలో చప్పుడు వినిపిస్తే సర్దుకోండి. ఈ వారం మాతో మా అక్క ఉంది, పిల్లల డాక్టరు. ఏడాదిగా పిలుస్తున్నా రాలేదు. తన మేనకోడలు, అంటే మా పాప, భయపెట్టాక వచ్చింది.

అక్క: భయపెట్టింది నిన్నురా. రాత్రి రెండింటికి ఫోన్ చేసి "అక్కా, పాప ఊపిరి తీయడం మర్చిపోతోంది" అన్నావు.

తమ్ముడు: మరి అలాగే ఉంది. అప్పటికి పాపకు 38 రోజులు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఎల్‌కేజీ చదివే మావాడి జలుబు దీనికి అంటుకుని కాస్త ముక్కు కారింది. పాలు సరిగా తాగడం లేదని సాయంత్రం వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే గ్యాస్ అని చుక్కల మందు ఇచ్చారు. రాత్రి చూస్తే పొట్ట కదలడం లేదు. లెక్కపెడితే ఇరవై దాటింది. పెదాల చుట్టూ నీలం. అరికాలు గిల్లాక ఒక్కసారిగా ఎగపీల్చింది.

అక్క: లెక్కపెట్టకుండా ముందే గిల్లాల్సింది. సరే, తర్వాత?

తమ్ముడు: ఎమర్జెన్సీలో సిస్టర్ "మూచ్చు తిణరలా?" అంది. ఆయాసమా అని. కాదన్నాను. నిజంగానే రొప్పడం లేదు, డొక్కలు ఎగరేయడం లేదు. అసలు ఊపిరే లేదు! దాన్నేమంటారో నాకు తమిళంలోనూ తెలియలేదు, తెలుగులోనూ తట్టలేదు.

అక్క: మేం యాప్నియా అంటాం. ఇరవై సెకన్ల పాటు ఊపిరి ఆగితే యాప్నియా. అంతకన్నా తక్కువే ఆగినా రంగు మారితే, ఒళ్లు వేలాడేస్తే అదీ యాప్నియానే. పాపకు తేలింది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్. 1956లో దాన్ని మొదట చింపాంజీల జలుబులో పట్టుకున్నారు. మన వయసువాళ్లకొస్తే ఎక్కువగా ఉత్త జలుబే. రెండు నెలల లోపు పిల్లల్లో, అందులోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, దగ్గూ పిల్లికూతలూ మొదలవకముందే ఊపిరి ఆగొచ్చు. మీ క్లినిక్‌లో స్టెత్ పెట్టినప్పుడు ఛాతీ శుభ్రంగానే ఉండి ఉంటుంది.

తమ్ముడు: మనకైతే ముక్కు మూసుకుపోతే నోటితో పీలుస్తాం కదా.

అక్క: ఈ వయసులో పిల్లలు దాదాపు ముక్కుమీదే ఆధారపడతారు. ఇంకొకటుంది. గొంతు మొదట్లో తడి తగిలితే పెద్దవాళ్లు దగ్గుతారు. పసిపిల్లలు మింగుతారు, ఊపిరి ఆపేస్తారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడే ఏర్పాటే అది. జలుబు చేసినప్పుడు అది అతి చేస్తుందని ఒక వివరణ.

తమ్ముడు: మా అత్తగారైతే "పసిపిల్లలంతే, ఆగి ఆగి పీలుస్తారు" అన్నారు.

అక్క: ఆవిడన్నది తప్పేం కాదు. ఐదు, పది సెకన్లు ఆగి మళ్లీ గబగబా పీల్చడం మామూలే. రంగు మాత్రం మారదు. అలాంటి అనుమానాలకే వీడియో తీయమంటాను. చొక్కా విప్పి, లైటు వేసి, మొహమూ పొట్టా రెండూ పడేలా. నువ్వు పంపినదాంట్లో నలభై సెకన్లూ దుప్పటే కనిపించింది! నీలం పడితే మాత్రం వీడియో వద్దు. అరికాలు గిల్లు, 108కి ఫోన్ చెయ్యి. గిల్లినా ఊపిరి తీయకపోతే ముక్కూ నోరూ కలిపి నీ నోటితో మూసి చిన్నగా ఊదు.

తమ్ముడు: మావాడికి ఏడాదప్పుడు కుక్క మొరిగినట్టు దగ్గొచ్చిందే, అదీ ఇలాంటిదేనా?

అక్క: అది వేరు, క్రూప్. స్వరపేటిక కింద వాపు. పసిపిల్లల్లో అక్కడ దారి వెడల్పు 4 మిల్లీమీటర్లనుకో. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందంటే గాలి వెళ్లే జాగాలో మిగిలేది నాలుగో వంతు. గాలికి అడ్డంకి 16 రెట్లవుతుంది. అందుకే ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమంటుంది. పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి, అవి ఊపిరితిత్తుల సంగతి. చప్పుడు ఎప్పుడొస్తోందో చెబితే నాకు సగం పని అయిపోతుంది.

తమ్ముడు: కోవిడ్‌లోనూ క్రూప్ వచ్చిందన్నావు.

అక్క: ఒమిక్రాన్‌తో. మాకు అలవాటైన క్రూప్ పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ది. 2022లో బోస్టన్ పిల్లల ఆసుపత్రివాళ్లు కోవిడ్‌తో క్రూప్ వచ్చిన 75 మంది పిల్లల గురించి రాశారు. ఎక్కువమంది ఒమిక్రాన్ వచ్చాకే వచ్చారు. మామూలుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఒక్క డోసుతో తగ్గిపోతుంది. వీళ్లలో కొందరికి మళ్లీ మళ్లీ ఇవ్వాల్సొచ్చింది. ఆరు నెలల లోపు పిల్లలకు క్రూప్ అంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. స్వరపేటిక మెత్తగా ఉండి, జలుబుతో ఆ చప్పుడు పెరిగి ఉండొచ్చు. లేదా లోపల రక్తనాళాల గడ్డ ఉండొచ్చు. స్టెరాయిడ్‌కి అదీ కాస్త తగ్గుతుంది, దాంతో క్రూప్ అనే అనుకుంటారు. మళ్లీ మళ్లీ వస్తుంటే కెమెరా పెట్టి చూడాలి.

తమ్ముడు: మా ఇంట్లో సాంబ్రాణి పొగ ఆపించావు. అత్తగారింకా అలిగే ఉన్నారు.

అక్క: అలగనీ. పొగ వద్దు, ముక్కులో నూనె వద్దు, కర్పూరం బామ్ వద్దు. పాలు పట్టేముందు సెలైన్ చుక్కలు చాలు. తాగేదాంట్లో సగం కూడా తాగకపోయినా, డైపర్లు తడవడం తగ్గినా తీసుకురండి. రెండు నెలల లోపు పిల్లలు పడుకున్నప్పుడు నిమిషానికి అరవై సార్లు ఊపిరి తీస్తున్నా అంతే. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించొద్దు.

తమ్ముడు: ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. యాంటీబయాటిక్ ఏదీ ఇవ్వలేదు. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, కఫం తీయడం, మానిటర్. బిల్లు చూసి "ఇంతకీ ఏం చేశారు?" అన్నాడు మా మామయ్య.

అక్క: రాత్రంతా కూర్చుని చూశారు. ఊపిరి ఆగినప్పుడల్లా తట్టి లేపారు. వైరస్‌కి మందు లేదు కదా. ఇంతకీ మీవాడు ఇప్పుడూ స్కూల్ నుంచి రాగానే పాప మొహమంతా ముద్దులు పెడుతున్నాడా?

తమ్ముడు: లేదు. నువ్వు చెప్పావుగా, చేతులు కడుక్కుని పాదాలకే పెడుతున్నాడు. కాకపోతే అది నిద్ర లేచేదాకా పెడుతున్నాడు.